పగ్‌ కంట్లో పుసి... తుడిస్తే చాలదు!

2003లో హచ్‌ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ గుర్తుందిగా! ఆ గుండ్రటి కళ్లే దానికి అందం, ముప్పూ. పగ్‌, షీజూ లాంటి చప్పిడిముక్కు కుక్కల కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉండటంతో త్వరగా ఆరిపోతాయి. కన్నీటి గ్రంథులు దెబ్బతింటే కన్ను పూర్తిగా పొడిబారుతుంది. జిగట పుసి చూసి ఇన్‌ఫెక్షన్‌ అనుకుంటాం. చుక్కలు వేస్తే తగ్గినట్టే తగ్గి, మళ్లీ మొదలు!

అసలు సంగతి తేల్చేది ఓ కాగితం ముక్క. 'షిర్మర్‌ పరీక్ష'లో పశువైద్యులు కింది రెప్పలో సన్నటి పట్టీని నిమిషంపాటు ఉంచుతారు. తడి 15 మిల్లీమీటర్లకు చేరితే ఫర్వాలేదు. అంతకు తగ్గితే అనుమానించాలి. పుసి, ఎరుపు ఉండి 10 లోపైతే పొడికన్నే. పరీక్షకు ముందు చుక్కలు వేస్తే లెక్క తప్పుతుంది. ఆలస్యమైతే నల్లగుడ్డుపై పుండ్లు, మచ్చలు ఏర్పడి చూపే పోవచ్చు. ముందే తెలిస్తే మందులతో కాపాడుకోవచ్చు.