పాత కారుకు ఏ కూలెంట్ పోయాలి?

రెండు వేసవుల క్రితం మా చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళికి గిద్దలూరు నుండి నంద్యాలకు మా పాత అంబాసిడర్ కారులో బయలుదేరాము. నల్లమల ఘాటు ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. మా బావమరిది తువ్వాలు చేతికి చుట్టుకొని రేడియేటరు మూత తిప్పబోయాడు. "ముట్టుకోవద్దు బాబూ! ముఖం కాలిపోతుంది" అంటూ డ్రైవరు అతని చెయ్యి పట్టుకొని వెనక్కి లాగాడు. ముప్పావుగంట చెట్టు నీడన కూర్చొని, ఇంజను బాగా చల్లారిన తరువాత మూత తీశాము. లోపల ఉన్నవి నీళ్ళు కావు, ఎర్రమట్టి కషాయం!

నంద్యాలలో మెకానిక్ చూసి, "ఎన్నాళ్ళ నుండి బోరు నీళ్ళు పోస్తున్నారు సార్?" అన్నాడు. కూలెంట్ కొనడానికి వెళ్తే షాపు కుర్రవాడు, "ఎర్రదా, పచ్చదా?" అని అడిగాడు. రెండు ప్రశ్నలకూ తెల్లమొఖం వేశాము. పాత వాహనం ఉన్న అనేక కుటుంబాల పరిస్థితి ఇదే గనుక, ఆ తరువాత తెలుసుకొన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాను.

నీళ్ళు చాలవా?

"మన ప్రాంతంలో నీళ్ళు గడ్డకట్టే చలి లేదు గదా, కూలెంట్ ఎందుకు?" అని కొందరంటారు. నిజానికి వేడిని మోయడంలో నీరు చాలా మంచిది. అయితే దానికి రెండు లోపాలున్నాయి. అది 100 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పైగా నీళ్ళు కాచే కాగు అడుగున తెల్లని పెచ్చు కట్టినట్లే, బోరు నీటిలోని లవణాలు రేడియేటరు సన్నని గొట్టాలలోనూ పెచ్చు కడతాయి.

కూలెంట్లలో ఎక్కువగా వాడే ద్రవం ఎథిలీన్ గ్లైకాల్. దీనిని నీటితో సగానికి సగం కలిపితే సుమారు 106 డిగ్రీల వరకు మరగదు. మూత స్ప్రింగు బాగుంటే లోపలి ఒత్తిడి వలన ఈ హద్దు మరింత పెరుగుతుంది. అందులో కలిపిన మందులు తుప్పును ఆపుతాయి. పాత బండికి అసలు మేలు ఇదే. "చిక్కగా పోస్తే ఇంకా మంచిది" అనుకోవద్దు. నీళ్ళు కలపని గాఢ ద్రవం వేడిని సరిగా మోయలేదు.

రంగు కాదు, రకం చూడండి

రంగు కంపెనీవారు కలిపినది మాత్రమే. దానికి అందరూ పాటించే నియమం లేదు. చూడవలసినది అందులోని తుప్పు నివారణ మందు ఏ రకమన్నది. పాత రకంలో సిలికేట్, ఫాస్ఫేట్ వంటి లవణాలుంటాయి. అవి లోహం మీద త్వరగా పొర కడతాయి గాని, సుమారు 2 సంవత్సరాలకే బలం తగ్గిపోతాయి. కొత్త రకంలో సేంద్రియ ఆమ్లాలుంటాయి. దీనిని ఓ.ఏ.టి. అంటారు. ఇది 5 సంవత్సరాల వరకు పనిచేయగలదు.

మరి ఎక్కువ కాలం వచ్చేదే కొనవచ్చు గదా? ఇక్కడే జాగ్రత్త అవసరం. పాతకాలపు అంబాసిడర్లు, జీపుల రేడియేటర్లు రాగి, ఇత్తడి రేకులను సీసం కలిసిన టంకంతో అతికి చేసినవి. కొన్ని ఓ.ఏ.టి. కూలెంట్లు ఈ టంకానికి, కొన్ని పాత సీళ్ళకు సరిపడవు. అందువలన ఇటువంటి బండికి సిలికేట్ ఉన్న పాత రకమే క్షేమం. డబ్బా వెనుక రాగి, ఇత్తడి, టంకం ఉన్న రేడియేటర్లకు తగినదని ఉన్నదా అని చదవండి. రేడియేటరు మార్చి అల్యూమినియందే వేయించి ఉంటే ఆ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి. రెండు రకాలను మాత్రం కలపవద్దు. కలిపితే తుప్పును ఆపే బలం తగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు జిగురుగా మారి గొట్టాలు మూసుకుపోతాయి.

మార్చే విధానం

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే పాతది దించాలి. శుభ్రమైన నీరు పోసి కాసేపు ఇంజను నడిపి, చల్లార్చి, మళ్ళీ దించాలి. నీరు తేటగా వచ్చేవరకు ఇలా చేయాలి. తుప్పు పెచ్చులు ఊడితే దాగి ఉన్న లీకులు బయటపడవచ్చు గనుక గొట్టాలు, క్లిప్పులు చూడాలి. గాఢ కూలెంట్ అయితే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలపాలి. కలిపి అమ్మే రెడీమిక్స్ అయితే నీళ్ళు కలపకూడదు. పోసిన తేదీ కాగితంపై వ్రాసి బానెట్ లోపల అంటించండి.

తియ్యని విషం

తల్లిదండ్రులు తప్పక గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. కొద్దిగా త్రాగినా మూత్రపిండాలు పాడై ప్రాణం పోవచ్చు. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో ఎన్నడూ పోయవద్దు. దించిన పాత కూలెంట్‌ను కుక్కలు, పశువులు నాకే చోట వదలవద్దు. పిల్లలు త్రాగారన్న అనుమానం వస్తే, బాగానే ఉన్నారు గదా అని ఆగకుండా, డబ్బా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

గత వేసవిలో అదే ఘాటు మళ్ళీ ఎక్కాము. ముల్లు సగం దగ్గరే నిలిచింది. మీరూ ఈ వేసవి ప్రయాణానికి ముందు, తెల్లవారుజామున ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఒకసారి రేడియేటరు మూత తీసి చూడండి. లోపలి నీళ్ళు ఎర్రబారి ఉంటే పెళ్ళి ప్రయాణం వరకు ఆగవద్దు.