సీసాలో సీసం

రాజమండ్రిలో నాకు తెలిసిన షెడ్డు ఒకటుంది. మొన్నామధ్య అక్కడికి ఓ పెద్దాయన తెల్ల అంబాసిడర్ తోలుకొచ్చారు. 1980ల నాటి పెట్రోలు బండి. పొద్దున్నే ఓ పట్టాన స్టార్టు కాదు, ఐడిలింగ్‌లో మిస్సింగ్. ఎత్తెక్కాల్సి వస్తే ఇంజన్లో గులకరాళ్లు పోసి ఊపినట్టు టకటకా కొడుతుంది. ఆయన సంచీలోంచి అరచేతిలో ఇమిడే సీసా తీసి బానెట్ మీద పెట్టారు.

"ఇది ట్యాంకులో పోస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు బాబూ."

మెకానిక్ సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "జబ్బు పెట్రోల్లో ఉంటే ఇది మందేనండీ బాబాయిగారూ. ఇనుములో ఉంటే పాపం ఇదేం చేస్తుంది?"

ఆ కుర్రాడికి తెలుసో తెలియదో గానీ, నూరేళ్ల కిందట అమెరికాలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే పెద్ద రభస జరిగింది. ఇంజను కొడుతుంటే తప్పెవరిది, ఇంజనుదా, పెట్రోలుదా? ఆ రభసలోంచే ట్యాంకులో పోసే మందు పుట్టింది. దాని జాతకం చెప్పుకోదగ్గది.

ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే అవసరం లేకుండా కారుకు ఎలక్ట్రిక్ స్టార్టర్ కనిపెట్టినవాడు. 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చింది. దాంతోపాటు ఒక నింద కూడా వచ్చింది. కొత్త కాడిలాక్ ఎత్తు మీద కొడుతోంది, కెటరింగ్ పెట్టిన బ్యాటరీ ఇగ్నిషన్ వల్లే అని. కరెంటు లేని పల్లెలకు ఆయన కంపెనీ అమ్మిన చిన్న జనరేటర్లది ఇంకా పెద్ద గోల. వాటిలో పోసేది కిరసనాయిలు. మన దగ్గర కిరసనాయిలు కల్తీ పెట్రోలు పోయించుకున్న ఆటోవాళ్లకు ఆ చప్పుడెలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

చప్పుడుకు కారణం ఇది. స్పార్క్ ప్లగ్ దగ్గర అంటుకున్న మంట సిలిండర్ అంతా ఒక వరసలో పాకాలి. అది అవతలి మూలకు చేరేలోపే అక్కడున్న పెట్రోలు ఆవిరి వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే భగ్గుమంటే ఒత్తిడి అల లేచి ఇనుము గోడను మోదుతుంది. అదే నాకింగ్. పిస్టన్ ఎంత గట్టిగా అదిమితే పెట్రోలు అంత బలమిస్తుంది, కానీ ఎంత అదిమితే అంత కొడుతుంది. కాబట్టి అప్పటి ఇంజన్లన్నీ బలం చంపుకుని మెత్తగా అదుముతూ బతికేవి.

1916లో కెటరింగ్ దగ్గర చేరిన థామస్ మిడ్జ్‌లీకి ఈ పని అప్పగించారు. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, రసాయనశాస్త్రం కాదు. బహుశా అందుకే భయపడలేదు. వాళ్లిద్దరి మొదటి ఊహ వింటే నవ్వొస్తుంది. ఆకు వెనక ఎర్రగా ఉండే ఒక అడవి తీగ అక్కడ మంచు పూర్తిగా కరగకముందే పూస్తుంది. ఎరుపు వేడిని తొందరగా పీల్చుకుంటుంది కాబట్టే పూస్తుందేమో, అలాగే పెట్రోలును ఎర్రగా చేస్తే త్వరగా ఆవిరై సాఫీగా మండుతుందేమో! ఎర్ర రంగు కోసం వెతికితే ల్యాబులో దొరకలేదు, అయోడిన్ దొరికింది. పోశారు. నాకింగ్ ఆగిపోయింది! సంబరంగా అసలైన ఎర్ర రంగులు తెప్పించి పోస్తే ఒక్కటీ పనిచేయలేదు. పని చేసింది రంగు కాదు, అయోడినే. ఊహ తప్పు, ఫలితం ఒప్పు. సైన్సులో ఇలాంటి అదృష్టాలు అప్పుడప్పుడూ తగులుతుంటాయి. అయితే పట్టుకోవడానికి రెండోసారి పోసి చూసే ఓపిక ఉండాలి.

అయోడిన్ ఖరీదు, పైగా ఇనుమును తినేస్తుంది. అనిలిన్ కంపు. టెల్లూరియం బాగా పనిచేసింది గానీ కుళ్లిన వెల్లుల్లి లాంటి దాని వాసన ఒంటికీ బట్టలకూ పట్టి స్నానం చేసినా వదిలేది కాదు. చివరికి ఆవర్తన పట్టిక ముందేసుకుని, ఏ నిలువు వరసలో కిందికి దిగుతుంటే గుణం పెరుగుతోందో గీతలు గీసుకుంటూ బరువైన లోహాల వైపు జరిగారు. 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ వంతు వచ్చింది. సీసం, మన సీసమే, నాలుగు ఇథైల్ గుంపుల మధ్య ఇరికించినది. గ్యాలన్ పెట్రోలుకు 3 మిల్లీలీటర్లు, అంటే చెంచాడు కూడా కాదు, చాలు. ఇంజను నోరు మూసుకుంది. మంటలో ఆ అణువు విడిపోయి సన్నటి సీసం ఆక్సైడ్ రేణువులవుతుంది. మంట కంటే ముందే అల్లరి మొదలుపెట్టే చురుకు కణాలను ఆ రేణువులు మింగేస్తాయి.

ఇక్కడ ఒక పిట్టకథ ఉంది. అంతకు రెండు నెలల ముందు, అదే సంవత్సరం అక్టోబరులో, మిడ్జ్‌లీ ఇంజనీర్ల సభకు ఇండియానాపొలిస్ వెళ్లింది 30 శాతం ఆల్కహాల్ కలిపిన పెట్రోలుతో నడిచే కారులో. ఆల్కహాల్ కూడా నాకింగ్ ఆపుతుందని ఆయనకు బాగా తెలుసు. అయితే ఆల్కహాల్‌ను ఏ రైతైనా కాచుకోవచ్చు, దాని మీద పేటెంటు నిలవదు. పైగా అది పదుల శాతాల్లో పోయాలి. సీసం చెంచాతో సరిపోతుంది, హక్కులన్నీ కంపెనీవి. ఆల్కహాల్‌ను పక్కన పెట్టిన లెక్క ఇంజన్లో కాదు, కంపెనీ చిట్టాలో తేలిందని నా నమ్మకం.

1923 ఫిబ్రవరిలో డేటన్ పెట్రోలు బంకులోనే మొదటి అమ్మకం. ఆ మే నెల ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో మొదటి మూడు స్థానాల కార్లూ ఈ పెట్రోలే తాగాయి. అంతకన్నా ప్రచారం ఏం కావాలి? పేరు దగ్గర మాత్రం చాలా జాగ్రత్తపడ్డారు. సీసం అన్న మాటే ఎత్తకుండా 'ఇథైల్' అన్నారు. ఎరుపుకూ గుణానికీ సంబంధం లేదని తేలినా పెట్రోలుకు ఎర్ర రంగు వేసే అమ్మారు.

సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. మిడ్జ్‌లీకే ఊపిరితిత్తుల్లోకి సీసం చేరి, 1923 మొదట్లో కొన్ని వారాలు ఫ్లోరిడా వెళ్లి గాలి మార్చుకున్నాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ ద్రవం తయారుచేసే కార్మికులకు పిచ్చెత్తింది. లేని పురుగులను తోలుకున్నారు, కట్టేస్తే గానీ ఆగలేదు. అయిదుగురు చనిపోయారు, 30 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అక్టోబరు 30న మిడ్జ్‌లీ విలేఖరులను పిలిచి, వాళ్ల ముందే ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని నిమిషం పాటు పీల్చి చూపించాడు. తాను చేస్తున్నదేమిటో ఆ గదిలో అందరికన్నా తెలిసినవాడు ఆయనే. మరుసటి ఏడు మే నెలలో ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి సర్జన్ జనరల్ సభ పెట్టాడు. ఆలిస్ హామిల్టన్ లాంటి వైద్యులు ఇది వీధుల్లోకి వదలాల్సిన వస్తువు కాదని మొత్తుకున్నారు. కమిటీ కూర్చుంది. నిషేధించడానికి తగిన ఆధారం కనబడలేదంది. ఈ గొడవలో ఆగిన అమ్మకం మళ్లీ మొదలైంది.

ఈ మందుకో దుర్గుణం ఉంది. మండాక మిగిలే సీసం ప్లగ్గులకూ వాల్వులకూ పేరుకుపోతుంది. దాన్ని ఊడ్చడానికి బ్రోమిన్ సమ్మేళనం కలిపారు. సీసం బ్రోమైడై సైలెన్సర్ గొట్టంలోంచి బయటికి పోతుంది. పోతుంది అంటే మన ముక్కుల్లోకి, రోడ్డు పక్క మట్టిలోకి వస్తుందన్నమాట. ఇంజను శుభ్రం, ఊరు కాదు.

అలా నలభై ఏళ్లు గడిచాక, పట్టుకున్నవాడు వైద్యుడు కాదు, కార్లతో పనే లేని భూరసాయన శాస్త్రవేత్త. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు లెక్కగట్టే పనిలో ఉన్నాడు. ఉల్కలో సీసం పాళ్లను కొలిచి 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చింది ఆయనే. ఆ కొలతకు అడుగడుగునా అడ్డుపడింది సీసమే. ఎంత కడిగినా గాజుపాత్ర మీద, గాలిలో, తన ఒంటి మీద ఎక్కడ చూసినా సీసం! చిరాకుపడి గదినంతా నిర్మలం చేసుకుని కొలిచాక అడిగాడు, ఇంత సీసం ఎక్కణ్ణుంచి వస్తోంది? గ్రీన్‌ల్యాండ్ మంచు పొరలు తవ్వి చూస్తే కింది పాత పొరల్లో నామమాత్రం, పైకి వచ్చేకొద్దీ పెరిగింది. 1965 నుంచి ఆయన ఈ మాట బయటికి చెబుతుంటే పరిశోధనకు వచ్చే డబ్బులు ఆగిపోసాగాయి. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలును పూర్తిగా నిషేధించింది 1996 జనవరి 1న. ప్యాటర్సన్ అంతకు 27 రోజుల ముందే కన్నుమూశాడు.

సీసాన్ని మొదట గెంటినది మాత్రం పిల్లల రక్తం మీద బెంగ కాదు, ప్లాటినం మీద బెంగ. 1975 నుంచి అమెరికా కార్ల పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. దానిలోని ప్లాటినం పైపూతను సీసం కప్పేస్తుంది. మన దగ్గరా అదే వరస. 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్లకు సీసం లేని పెట్రోలు, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతా. ఆఖరున మిగిలిన అల్జీరియా 2021లో ఆపింది.

సీసం పోయింది గానీ, పోతూ పోతూ పాత ఇంజన్లకు ఒక లోటు చేసింది. ఎగ్జాస్ట్ వాల్వు 700 డిగ్రీల పైమాటే వేడెక్కి, నిమిషానికి వేయిసార్లకు పైగా సీటింగు మీద కొట్టుకుంటుంది. పాత ఇంజన్లలో ఆ సీటింగును హెడ్డు ఇనుములోనే నేరుగా కోసేవారు. సీసం ఆక్సైడ్ పలచటి పొరగా మధ్యలో పడుకుని మెత్తలా పనిచేసేది. అది లేకపోతే కాలిన వాల్వు, కాలిన సీటు ఒకదానికొకటి అతుక్కుని విడిపోతూ, ప్రతిసారీ రవ్వంత ఇనుము ఊడదీసుకుంటాయి. సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. టాపెట్ గ్యాప్ సన్నబడి, ఒకరోజు వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది. ఎవరూ కనిపెట్టకుండానే సీసం చేసిపెట్టిన ఉపకారం ఇది.

2000 వచ్చేసరికి బ్రిటన్‌లో మోరిస్, ఎంజీ కార్లు ప్రాణంగా చూసుకునేవాళ్లు బెంబేలెత్తారు. సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, మాంగనీసు కలిపిన సీసాలు పుట్టుకొచ్చాయి. పాతకార్ల సంఘాల సమాఖ్య వాటిని ఇంజను మీద పరీక్షపెట్టి కొన్నింటికే సిఫార్సు ఇచ్చింది. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజను, వాళ్ల ఎంజీబీ ఇంజను ఒకే బ్రిటిష్ కంపెనీ బీఎంసీ కడుపున పుట్టిన అన్నదమ్ములు. అయితే మనవాళ్లకు అంత బెంబేలు కలగలేదు. సీటు తొందరగా అరగాలంటే గంటల తరబడి పైస్పీడులో పోవాలి. అంబాసిడర్‌కు మన రోడ్లు ఆ యోగం ఎప్పుడిచ్చాయని!

ఇక ఇప్పుడు బంకుల్లో అమ్మే సీసా సంగతి. దీనిలో సీసం లేదు. మంచి రకమైతే పాలీఈథర్ అమీన్ అనే సబ్బులాంటి పదార్థం ఉంటుంది. కుంకుడుకాయ రసం జిడ్డును ఎలా పట్టుకుంటుందో ఇదీ అంతే. అణువులో నైట్రోజన్ ఉన్న కొస కార్బన్ మడ్డిని పట్టుకుంటుంది, పొడుగు తోక పెట్రోల్లో కరిగి దాన్ని లాక్కుపోతుంది. కార్బురేటర్ జెట్లు, ఇంజెక్టర్ కొసలు, వాల్వు వెనక పేరుకున్న మడ్డి దీని దారిలోవి. మడ్డి ఎక్కువై ఇంజను కొడుతుంటే అది కూడా తగ్గొచ్చు. మడ్డి పేరుకుంటే జాగా తగ్గి ఒత్తిడి పెరుగుతుంది మరి. పెట్రోలు తగలని చోటికి మాత్రం ఇది వెళ్లలేదు. సిలిండర్‌లోకే నేరుగా పిచికారీ చేసే కొత్త ఇంజన్లలో ఇన్‌లెట్ వాల్వు వెనకవైపు పెట్రోలు చుక్కే పడదు, సీసాలు గుమ్మరించినా అక్కడి మడ్డి అక్కడే. రింగులు అరిగి నీలం పొగ వదిలే బండికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

నూరేళ్ల కిందట పక్కన పెట్టిన ఆల్కహాల్ ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌గా తిరిగొచ్చి మన బంకుల్లోనే కూర్చుంది. నాకింగ్ తగ్గిస్తుంది, నిజమే. లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత పోతుంది. పాత బండికి ఇబ్బంది వేరు. ఇథనాల్ గాలిలో తేమ పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరుగా దిగుతాయి. పాతకాలం రబ్బరు గొట్టాలు ఉబ్బి చిట్లుతాయి. తుప్పును ఆపే మందు సీసాలున్నాయి, పాత రబ్బరును కొత్త రబ్బరు చేసే సీసా లేదు. గొట్టాలు మార్చుకోవడమే.

షెడ్డులో అంబాసిడర్ టాపెట్ కవర్ ఊడింది. ఫీలర్ గేజ్ రేకు మూడు ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర దూరింది, నాలుగోదాని దగ్గర దూరలేదు. హెడ్డు దింపి లేత్‌కు పంపాలి, గట్టి సీటు రింగులు దిగ్గొట్టించాలి, కొడుతున్న చప్పుడుకు పిస్టన్ మీది కార్బన్ గీకితే సరిపోతుంది అన్నాడు మెకానిక్.

"మరి ఈ సీసా?" అన్నారు పెద్దాయన, డబ్బు పోసి కొన్న వస్తువు కదా.

"మీ అబ్బాయిగారి బండిలో పొయ్యమనండి. దానికి ఇంజెక్టర్లున్నాయి."