పట్టిసీమ రేవున చిల్లర వర్తకము

మహాశివరాత్రినాడు పట్టిసీమ రేవున పడవకై వేచియుండు భక్తులు కొబ్బరికాయయో, అరటిపండ్లో కొనక మానరు. గోదావరి నడుమ కొండపై వెలసిన వీరభద్రస్వామి తీర్థమే ఆ గట్టుమీది చిల్లర వర్తకులకు పంటకాలము. పండ్లు మిగిలినచో నాలుగునాళ్లు నిలువవు; అప్పు మాత్రము నిలుచును.

ఉదయము 900 రూపాయలు పుచ్చుకొని, సాయంకాలము 1,000 చెల్లించు బేరమును చూతము. వడ్డీ నూరే కదా యని తోచును. కాని అది దినమునకు నూటికి 11 రూపాయలు! బేరము సాగినను లాభము అప్పిచ్చినవానికే చేరును.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఆఫ్రికాలోని కెన్యాయందు 2007లో ఎం-పెసా వచ్చి, ఫోనుమీదనే సొమ్ము పంపుకొను వీలు కలిగించెను. 2012లో ఎం-శ్వారీ అదే త్రోవను చిన్న అప్పులిచ్చెను. నెలకు రుసుము నూటికి ఏడున్నర. త్వరగా చేతికందిన అప్పెల్ల చౌక కాదు.

మన దేశమున 2015లో ఆరంభమైన ముద్రా పథకపు ‘శిశు’ విభాగమున 50,000 వరకు తాకట్టులేని అప్పు కలదు. ఊర పొదుపు సంఘములును కలవు. అయితే తీర్థము ముగిసిన పిదప అందు పైకము అక్కరకు రాదు. పుష్యమాసముననే బ్యాంకు గడప త్రొక్కవలెనని వర్తక సోదరులకు, సోదరీమణులకు మా మనవి.