యంత్రము చదివిన ఉత్పలమాల

మా మేనల్లుడు ఉస్మానియా విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రము చదువుచు తార్నాకలో గది తీసికొని యున్నాడు. ఒక ఆదివారము గోల్నాకలోని మా ఇంటికి వచ్చి, చేతిలోని పుస్తకము బల్లపై పెట్టి, "మామయ్యా! నిర్వచనములన్నియు కంఠస్థము చేసితిని. అభ్యాసము ఒక్కటియు తేలుట లేదు. ఈ పాఠము వదలివేయుదునా?" అని యడిగినాడు.

అది హాప్‌క్రాఫ్ట్, ఉల్మన్ పండితులు 1979లో ప్రకటించిన ఆటోమేటా గ్రంథము. యంత్రమునకు అంగములు ఐదని అందు కలదు: స్థితులు, అక్షరమాల, మార్పు నియమము, ఆరంభస్థితి, అంగీకారస్థితులు. నేను తెలుగు పట్టభద్రుడను. గణితము నాకు దూరము. అయినను ఆ వరుస చూడగా ఛందస్సు జ్ఞప్తికి వచ్చినది.

"అబ్బాయీ, ఉత్పలమాలకు గణములేవి?" అంటిని.

"భ, ర, న, భ, భ, ర, వ."

మొత్తము 20 అక్షరములు. గురువు, లఘువు అను రెండు గుర్తులే మన యంత్రపు అక్షరమాల. కాగితముపై వరుసగా 21 వలయములు గీయించితిని. ఏమియు చదువనప్పటి స్థితి మొదటిది. ఇరువదవ అక్షరము ముగిసిన స్థితి చివరిది. తగిన గుర్తు వచ్చినచో ముందు వలయమునకు పోవలెను. తప్పినను, ఇరువది దాటినను, ప్రక్కనున్న 22వ వలయములో పడవలెను. అందుండి మరలుట లేదు. పాదము ముగియునప్పటికి 21వ వలయములో నిలిచినచో గణములు సరి. యతిప్రాసల విచారణ వేరు.

"ఇంతేనా!" అన్నాడు.

"మొదట కొన్ని గురువులు, పిమ్మట సరిగా అన్నియే లఘువులు ఉండవలెను, సంఖ్యకు హద్దు లేదు. దీనికి యంత్రము గీయుము" అంటిని. వలయములు పెంచుచు పోయి, కొంతసేపటికి తానే ఆగినాడు. 22 వలయములతో ఎట్టి యంత్రము గీచినను, ఒక్క గురువును రాకముందు మొదలు 22 గురువులు వచ్చువరకు 23 ఘట్టములు. ఏవో రెండు ఒకే వలయములో పడక తప్పదు. ఆ రెంటి భేదము యంత్రమెరుగదు. ఒకదానికి తగిన లఘువులను రెండవదానికిని చెల్లునని పొరబడును. వలయములెన్ని పెంచినను ఇదే చిక్కు. అతనిని భయపెట్టిన పంపింగ్ లెమ్మాకు మూలము ఈ లెక్కయే.

ఉపాయము వంటింటిలో నున్నది. గురువు వచ్చినప్పుడెల్ల దొంతిపై ఒక పళ్ళెము పెట్టి, లఘువునకొకటి తీసివేసిన చాలును. లఘువు మొదలైన పిదప మరల గురువు రాకుండ, గుర్తులు ముగియుటయు దొంతి తరుగుటయు ఒక్కమారే జరిగినచో లెక్క సరి. కంప్యూటరు భాషలలో కుండలీకరణములు సరిపోయినవా యని చూచుటయు ఈ తీరుననే. వ్యాకరణములకు గల ఇట్టి శక్తిభేదములనే నోమ్ చోమ్‌స్కీ 1956లో చర్చించినాడు.

ఇట్టి గ్రంథము ముందుంచుకొని ఒంటరిగా పెనగులాడు విద్యార్థులకు నా మనవి ఒక్కటే: నిర్వచనము చదివిన వెంటనే దానికి లొంగునదొకటి, లొంగనిదొకటి స్వయముగా వ్రాసి చూడుడు. కంఠస్థము చేసినది పరీక్షవరకు నిలుచును. గీచి చూచినది తరువాతను నిలుచును.

ఆ రాత్రి తార్నాక పోవు బస్సు మాట మేమిద్దరమును మరచితిమి.