వీథియు, మద్యపాత్రయు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు పట్టణములందు మూతతీసిన మద్యపాత్ర చేతబట్టి వీథిలో తిరుగుట నేరము. ఒహైయో రాష్ట్ర శాసనసభ 2015లో దీనికొక సడలింపు నొసగెను. పురపాలక సంఘము ఎల్లలు నిర్ణయించి, వేళలు ప్రకటించి, రక్షణకును పారిశుద్ధ్యమునకును తగిన యేర్పాటులు చూపినచో, అనుమతిగల దుకాణములలో కొన్న మద్యమును ఆ యెల్లలలోపల వీథిని త్రాగవచ్చును. గాజుపాత్ర మాత్రము కూడదు. జార్జియాలోని సవన్నా నగరపు ప్రాచీన భాగమున మనిషి కొక్క ప్లాస్టిక్ పాత్రయే. అదియు 16 ఔన్సులకు, అనగా ఇంచుమించు అర లీటరుకు, మించరాదు.

ఇందువలన వర్తకమునకు మేలు కలుగునందురు. కలుగుగాక! ఆ వీథినే కాపురముండువారి నిద్రయు, బిడ్డ నెత్తుకొని నడచు తల్లి నిర్భయమును ఆ లాభమునకు తీసిపోవునా? కావలికిని, తెల్లవారి ఊడ్పునకును అగు వ్యయమును లాభము పొందువారే భరించుట న్యాయము.

గీత గీయుట సులభము. దానిని అందరియెడ సమముగ నిలుపుట కష్టము. ఎల్లలోపల త్రాగు యాత్రికుడు అతిథియై, పదియడుగుల ఆవల త్రాగు కూలివాడు అపరాధి యగుచో, అట్టి చట్టమును ప్రజ లెట్లు గౌరవింతురు? వీథి అమ్మువాని సొత్తును గాదు, త్రాగువాని సొత్తును గాదు. నడచువా రందరికిని దానిపై హక్కు గలదు. పాలకులు ఎల్లలు గీయుటకు ముందు ఆ వీథివారి నడుగవలయును.