జైలు గోడల మధ్య మనసుకు వైద్యం
నేరం వెనుక కారణం వెతికే నిపుణులు. ఊరి సహకారమూ అవసరమే!

చేవెళ్ల (మా విలేకరి): గెట్టు తగాదాలో అన్న మీద తమ్ముడు గొడ్డలెత్తాడు. తాగిన మైకంలో భార్యను కొట్టబోతే దెబ్బ ప్రాణం మీదికొచ్చింది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇలాంటి మాటలు కొత్తవి కావు. పట్నం దగ్గరపడి భూమి ధర పెరిగిన కొద్దీ అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాయితీలూ పెరిగాయి. పోలీసులొస్తారు, కేసవుతుంది, మనిషి జైలుకు పోతాడు. అక్కడితో కథ ముగిసిందని ఊరు అనుకుంటుంది. కాని శిక్ష అనుభవించి ఆ మనిషి మళ్లీ అదే ఊరికి, అదే గెట్టుకు రావలసిందే కదా! వచ్చేవాడు ఎలాంటి మనసుతో వస్తాడన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నతో కుస్తీ పట్టేవారే జైళ్లలో పనిచేసే నేర మనస్తత్వ నిపుణులు. సినిమాల్లో చూపినట్టు ముఖం చూసి దొంగను పట్టడం వీరి పని కాదు. నిందితుడి ఇష్టం లేకుండా నార్కో, లైడిటెక్టర్ వంటి పరీక్షలు జరపరాదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో స్పష్టం చేసింది. వీరి పని ఖైదీతో కూర్చుని మాట్లాడటం, వినడం, మళ్లీ మాట్లాడటం.

తొలి రోజులే గండం

జైలులో అడుగుపెట్టిన తొలి రోజులు చాలా ప్రమాదకరమైనవి. పరువు పోయిందన్న బాధ, ఇంటి బెంగ, తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చే వణుకు అన్నీ కలిసి మనిషిని ఆత్మహత్య వైపు నెడతాయి. అలాంటివారిని ముందే గుర్తించి, ఒంటరిగా ఉంచకుండా చూడాలి. సీనియర్ నిపుణుడికి బాధ్యతలు ఇంకా ఎక్కువ. కింది సిబ్బంది పనిని పర్యవేక్షించాలి. వార్డర్లకు శిక్షణ ఇవ్వాలి. ఖైదీ విడుదలైతే ఎవరికైనా ముప్పు ఉందా అన్నదానిపై నివేదిక రాయాలి.

ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. తన నివేదిక మీద పెరోల్ ఆధారపడుతుందని తెలిస్తే ఖైదీ నిజం చెప్పడు, మెచ్చే మాట చెబుతాడు. అందుకే ఏ మాట దాస్తాడో, ఏ మాట పై అధికారులకు చెప్పక తప్పదో నిపుణుడు మొదటిరోజే ఖైదీకి విప్పి చెప్పాలి. ఒకరి ప్రాణానికి ముప్పు తెచ్చే మాట దాచడానికి వీలులేదు.

భాష మరో సమస్య. పట్నంలో తయారైన ప్రశ్నాపత్రం పట్టుకుని 'మీకు మానసిక ఒత్తిడి ఉందా' అని అడిగితే మన రైతు లేదనే అంటాడు. 'పానం మంచిగ లేదు, నిద్ర పడ్తలేదు' అనే మాటలో దిగులంతా ఉందని గ్రహించే నిపుణుడు కావాలి.

చర్లపల్లిలో ఉన్నతి

ఈ దిశగా మన జైళ్లలో ప్రయత్నం జరగకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ సి.బీనా చేయూతతో తెలంగాణ జైళ్ల శాఖ 'ఉన్నతి' అనే కార్యక్రమం చేపట్టింది. చర్లపల్లి కేంద్ర కారాగారం దీనికి వేదికయింది. ఆలోచన మారితే నడత మారుతుందన్నది ఇందులోని సూత్రం. కోపం రావడానికీ చెయ్యి లేవడానికీ నడుమ ఒక క్షణం ఉంటుంది. 'వాడు నన్ను తక్కువ చేశాడు' అన్న తలపు ఆ క్షణంలోనే పుడుతుంది. ఆ తలపును పట్టుకోవడం, అది నిజమా అని తనను తాను ప్రశ్నించుకోవడం ఖైదీకి నేర్పుతారు. నేర్వడానికి ఓపిక కావాలి, నేర్పడానికి అంతకు మించిన ఓపిక కావాలి.

చట్టం ఉంది, మరి మనుషులో?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలి. అయితే నిపుణులు ఎంతమంది ఉన్నా చాలని పరిస్థితి. 2022 జాతీయ నేర రికార్డుల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే. వీరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు బెయిలుపై పోతారో తెలియదు. వారాల తరబడి సాగే శిక్షణ వీరికి అందడం కష్టం.

ఇంటివారి పాట్లూ తక్కువ కాదు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నంలో దిగి, పట్నమంతా దాటి అటు చివర ఉన్న చర్లపల్లికి చేరితే తప్ప ములాఖత్ దొరకదు. ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. క్రమంగా రాకపోకలు తగ్గుతాయి. ఇంటితో బంధం తెగిన ఖైదీ మారడం మరింత కష్టం.

కస్టడీలో ఉన్న ప్రతివారికీ 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. దిగులుతో ఉన్న ఇంటివారు 14416 నంబరుకు ఫోను చేసి టెలి మానస్ సలహా పొందవచ్చు. ఈ రెండు సంగతులూ పంచాయతీ కార్యాలయాల గోడల మీద రాయిస్తే ఎంతోమందికి మేలు.

జైలులో నిపుణుడు ఎంత నేర్పినా, తిరిగొచ్చినవాడిని ఊరు 'జైలోడు' అని పిలిచినంత కాలం ఆ పాఠం నిలవదు. జైళ్లలో నిపుణుల సంఖ్య పెంచడం ప్రభుత్వం వంతు. వచ్చినవాడికి పని చూపి, గెట్టు తగాదాను పెద్దమనుషుల సమక్షంలో కొలిపించి తెగ్గొట్టడం మన వంతు.