ఇంటి ఋణము – ఆదాయపు పన్ను

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి.నగరు వఱకు బ్యాంకు ఋణముతో నిల్లు గొన్న గృహస్థు లనేకులు గలరు. ఒకే భవనమున నొక వాటాలో యజమాని తానే కాపురముండును; ప్రక్క వాటాను దాని యజమాని పోటీపరీక్షలకు జదువవచ్చిన విద్యార్థుల కద్దె కిచ్చును. ఇరువురును బ్యాంకునకు గట్టునది వడ్డీయే. ఆదాయపు పన్ను శాసనము మాత్ర మిరువురను సమదృష్టితో జూచుట లేదు.

పాత పన్ను పద్ధతియందు కాపురమున్నవానికి వడ్డీ మినహాయింపు సాలునకు 2 లక్షల రూపాయలకు మించదు. అద్దె కిచ్చినవాడు వచ్చిన యద్దెనుండి వడ్డీ నంతయు దీసివేసికొనవచ్చును. నష్టము తేలినచో 2 లక్షలవఱకు జీతము మొదలగు నితరాదాయమునందు సర్దుకొని, శేషమును ఎనిమిది సంవత్సరములు ముందునకు గొనిపోవచ్చును. 2020లో వచ్చిన క్రొత్త పద్ధతియందు కాపురమున్నవానికి మినహాయింపే లేదు. అద్దె కిచ్చినవానికి వచ్చిన యద్దె మేరకు గలదు.

అద్దె యాదాయము గనుక దానికైన వ్యయమును దీసివేయుట న్యాయమే యని ప్రభుత్వపక్షమున జెప్పవచ్చును. మేమును గాదనము. క్రొత్త పద్ధతియందు రేట్లు తగ్గించి, 2025–26 నుండి 12 లక్షల సాధారణాదాయము వఱకు రిబేటుచే పన్ను లేకుండ జేసిన మాటయు నిజమే. కాని తలదాచుకొనుట కొక గూడు గట్టుకొనువానికి బ్రోత్సాహముగా నొసగిన మినహాయింపు ధరలతోపాటు పెరుగవలదా? ఈ మితి 2001లో 1,50,000 రూపాయలు. 2014లో 2,00,000 అయినది. 2025 నాటి నూతన శాసనమును దానినే నిలిపినది. నూటికి 8.50 వంతున 50 లక్షల ఋణమునకు మొదటి యేటి వడ్డీయే 4 లక్షలు దాటును. అందు సగమునకైన మినహాయింపు రాదు.

ఇంతకంటె గఠినమైన నియమ మింకొకటి గలదు. అప్పు దెచ్చిన యార్థిక సంవత్సరాంతము మొదలు ఐదేండ్లలో నిల్లు పూర్తి గానిచో, కాపురమున్నవాని మితి 30,000 రూపాయలకు దిగును. బిల్డరు చేసిన జాప్యమునకు శిక్ష కొన్నవానికా?

మితిని నేటి వడ్డీభారమున కనుగుణముగా బెంచవలెననియు, కొన్నవాని తప్పు లేని జాప్యమునకు గడువు సడలింపవలెననియు మా యభిప్రాయము. అంతవఱకు మా పాఠకులు రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన లెక్కవేసి చూచినగాని దేనిని నెంచుకొనరాదు. ఆ లెక్కయు ఋణపత్రముపై సంతకము చేయుటకు బూర్వమే చూచుకొనుట మేలు.